గిట్ట కింది నలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే ముందు గుర్రానికి మేత పడేది. అది డెబ్బైల కాలం, ఆటోలు ఇంకా రాలేదు. తిరువూరు బస్టాండు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు మా తాతయ్య జట్కా తోలేవాడు. ఇల్లంతా ఆ గుర్రం కాళ్ళ మీదే నడిచేది. ఆ కాళ్ళ బాధ్యత నాది. సాయంత్రం బండి రాగానే గిట్టల అడుగున పట్టిన బురద, పేడ ఇనుప కొక్కెంతో గీకి తీయాలి. పదేళ్ళ పిల్లనే అయినా ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు మహా నమ్మకం.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. రేపు మళ్ళీ పట్టే బురదను ఈ రోజు తీయడం ఎందుకని నాకో తెలివి పుట్టింది. అడుగు వదిలేసి, పైన కడిగి ఆముదం రాసేదాన్ని. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవచ్చు. కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి అక్క ఒకరోజు గోడ మీదుగా చూసి, "మీ గుర్రం గిట్టలు అద్దాల్లా ఉన్నాయే" అంది. నేను పొంగిపోయాను.

వారం తిరక్కుండానే గుర్రం కుంటడం మొదలుపెట్టింది. బండి ఆగిపోయింది. నానమ్మ ఆ పక్కింటి అక్క మాట గుర్తుచేసుకుని, దిష్టి తగిలిందని తేల్చేసింది. ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది, వీధిలో నలుగురికీ చెప్పింది కూడా. కొత్త కోడలికి అలాంటి పేరు వస్తే ఇక పోదు. అక్క మా వాకిట్లోకి రావడం మానేసింది. ముందుకాలి గిట్ట నుంచి వాసన వస్తోందని నాకు అప్పటికే తెలుసు. అయినా నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తాతయ్య గుర్రాన్ని మెల్లగా పశువుల ఆసుపత్రికి నడిపించాడు. నేనూ వెంట వెళ్ళాను. ఇంట్లో దిష్టి అంటున్నారని ఆయన డాక్టరు గారికి చెప్పాడు. డాక్టరు గారు కాలెత్తి అడుగున గీకితే, కంపు కొడుతూ నల్లటి ముద్ద ఊడివచ్చింది.

"దిష్టికి వాసన ఉండదండి," అన్నారాయన. "ఇది బాక్టీరియా పని. బురదలో, పేడలో ఎప్పుడూ ఉండేవే. గాలి ఆడని చోటు దొరికితే చాలు, గిట్టను కుళ్ళబెట్టేస్తాయి. ఇంకొన్నాళ్ళు ఆగుంటే లోపలి కండకు పాకేది. రోజూ అడుగు గీకేదెవరు?"

నేను తాతయ్య వెనక్కి జరిగాను.

"నేనేనండి. వానల్లో బద్ధకించాను," అన్నాడు తాతయ్య. నా వైపు చూడలేదు.

డాక్టరు గారు కుళ్ళిన భాగం కోసేశారు. మైలుతుత్తం కలిపిన నీళ్ళతో కడగమని, పొడి నేల మీద కట్టేయమని చెప్పారు. కట్టు కట్టరా అని నేనడిగితే, "మూసి ఉంచబట్టే కదమ్మా ఇంత పెరిగింది," అన్నారు.

ఇంటికి రాగానే తాతయ్య కొక్కెం మళ్ళీ నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని.

ఆ కొక్కెంతోనే నానమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆమె కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది.

"ఈ పిల్ల బద్ధకానికి నిన్నన్నాను, తల్లీ. మనసులో పెట్టుకోకు," అంది.

అక్క కళ్ళు తుడుచుకుని, గుర్రానికి ఎలా ఉందని అడిగింది.

కొన్నాళ్ళకు గుర్రం మామూలుగా నడిచింది. ఆ తర్వాత జట్కాలే పోయాయి. నేను ఇన్నేళ్ళలో తప్పులు చేయలేదని కాదు, కావలసినన్ని చేశాను. కానీ ఎవరు చేశారన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మా తాతయ్య గొంతు సవరించుకుంటున్నట్టే ఉంటుంది. ఆయన నోరు తెరవకముందే, "నేనేనండి" అని నేను అనేస్తాను.