ఆడవాళ్ళ పెట్టెలో దాచుకున్న తెలుగు

పుస్తకాలు చదివి ధైర్యం తెచ్చుకునే ఓపిక నాకెప్పుడూ లేదు. లింగంపల్లిలో ఎమ్మెమ్‌టీఎస్ లోకల్ రైలు ఆడవాళ్ళ పెట్టె ఎక్కి, ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని చూసి ఆ పూటకి సరిపడా బలం తెచ్చుకోవడమే అలవాటు. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఆ రోజుల్లో నాకు అలాంటి బలం ఇచ్చింది ఒకావిడ. ఆమెతో నేను నెలల తరబడి అబద్ధమాడాను.

మాది గుంటూరు. నాకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ ఫోన్లో రోజూ ఒకటే పాట: "రైల్లో నోరు విప్పకే, నీ యాస ఇట్టే పట్టేస్తారు." నిజం చెప్పాలంటే నన్నెవరూ ఏమీ అనలేదు. నన్ను పట్టించుకునే తీరిక కూడా ఎవరికీ లేదు. అయినా పిరికిదాన్ని. మొదటిరోజు ఆమె పక్కకి జరిగి "కూసో బిడ్డా" అంటే, ఆమె భుజం మీద పిన్నుతో పెట్టుకున్న జై తెలంగాణ బిళ్ళ చూసి "తెలుగు నహీ ఆతా" అనేశాను.

ఆమె సొంతూరు పాలమూరు వైపు, కాపురం లింగంపల్లిలో. హైటెక్ సిటీలోనే ఏదో ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. హిందీ రెండు ముక్కలకి మించి రాదు. తెలుగు రాని పిల్ల దొరకడం ఆమెకి కలిసొచ్చింది. మర్నాటి నుంచి నాకు సీటు పట్టి ఉంచి, చక్రాల చప్పుడు చాటున, గోడకి చెప్పుకున్నట్టు అన్నీ నాకే చెప్పుకునేది. భర్త తాగుడు, అతను కొట్టిన దెబ్బలు, ఇంటికి పోవాలంటేనే పుట్టే విసుగు. అంతా అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని "గిదంత నీకేం సమజైతది పిచ్చిపొల్లా" అని నవ్వేది. ఇంత మోస్తూ ఆమే నవ్వుతుంటే మా మేనేజరు సణుగుడు నాకో లెక్కా అనుకుంటూ దిగేదాన్ని. ఆమె ఏడుపులోంచి నాకు బలం వచ్చేదని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నాకు తెలుగు వచ్చని రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడానికి నోరు రాకుండా పోయింది.

ఒక ఉదయం ఆమె సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. భర్తకి పొట్ట ఉబ్బితే దవాఖానలో తీసిన స్కానింగ్ రిపోర్టు. నాలుగు రోజులుగా ఆ సంచిలోనే ఉందట.

"సోమారం పెద్ద డాక్టరుకు చూపియ్యాలె. మంచిగున్నదా లేదా, గదొక్కటి జెప్పు" అని చేత్తో సైగ చేసి మరీ అడిగింది.

చదివాను. కాలేయంలో క్యాన్సర్ అని ఉంది. కింద పెన్నుతో, రోగిని వెంటనే ఆసుపత్రిలో చేర్చాలని ఇంగ్లీషులో రాసి ఉంది.

"జల్దీ... ఆజ్... అస్పతాల్" అన్నాను.

నా హిందీ ఆమెకి అందలేదు. "మంచిగనే ఉన్నదా?" అంది ఆశగా.

హఫీజ్‌పేట దాటింది. ఇంకాసేపట్లో ఆమె దిగి డ్యూటీకి వెళ్ళిపోతుంది. సోమవారం దాకా ఆ కాగితం మళ్ళీ సంచిలోనే ఉంటుంది.

"అమ్మా, సోమవారం దాకా ఆగకండి. ఇవాళే ఆయన్ని తీసుకెళ్ళి చేర్పించండి. పెద్ద జబ్బండి" అన్నాను.

ఆమె కాగితం వంక చూడలేదు. నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే నేనన్నయన్ని నీకు సమజైనయా?" అంది మెల్లగా.

అవునన్నట్టు తలూపి, కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

ఇద్దరం హైటెక్ సిటీలో దిగాం. ఇంట్లో ఉన్న భర్త దగ్గరికి వెళ్ళాలని ఆమె లింగంపల్లి వైపు ప్లాట్‌ఫారం మీదికి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. జబ్బు నయమవుతుందా అని అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. ఆమె అది అడగలేదు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"వాడు సస్తే నా పీడ వోతదని అంటి గద బిడ్డా. కోపంల అన్న. నీకు తెలుగు రాదని అన్న. గట్ల గావాలని దేవునికి ఎన్నడు మొక్కలే. నీకే జెప్పిన."

మీ తప్పేం లేదండీ అనాలి. అంత తెలుగు ఉండీ ఆ ఒక్కమాట నా నోట రాలేదు. రైలొచ్చింది, ఆమె ఎక్కింది. పది గంటలకి మీటింగు ఉందని నేను ఆఫీసుకి వెళ్ళాను. మర్నాటి నుంచి ఆమె ఆ రైల్లో కనబడలేదు.