చెమ్మగోడకు వచ్చిన పేరు

ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆవిణ్ణి అందరూ వాకబు మేడం అంటారు. ఎవరి పరిశోధన ఎవరికి పనికొచ్చిందో ఆరా తీయడమే ఆవిడ ఉద్యోగం. ఒక పండితుడి వ్యాసాన్ని మరో పండితుడు ఉటంకిస్తేనే లెక్కా? పత్రికలో పడితే? జనం ఫోన్లలో మాట్లాడుకుంటే? అదీ లెక్కేనని పదోన్నతుల సంఘాన్ని ఒప్పించేసరికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి పరీక్ష గోడల టీచరమ్మ రూపంలో వచ్చింది. ఇళ్ల గోడలకు చెమ్మ ఎందుకు ఎక్కుతుందో, ఎలా ఆపాలో ఏళ్ల తరబడి పరిశోధించిన అధ్యాపకురాలు. పండితులెవరూ ఆ వ్యాసం మొహం చూడలేదు. ఈసారీ పదోన్నతి రాకపోతే ఇక ఆశ వదులుకోవలసిందే.

అలాంటిది, ఒక పొద్దున వేలమంది ఆ వ్యాసం గురించి మాట్లాడుకుంటున్నట్టు కంప్యూటర్లో అంకె కనిపించింది. వాకబు మేడం కాళ్లు నేలమీద నిలవలేదు. పరుగున వెళ్లి చెప్పేసింది. టీచరమ్మ ఏడ్చినంత పని చేసింది.

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర వాకబు మేడం ఆ సంగతి అత్తగారికి గొప్పగా చెప్పుకుంది.

"అంతమంది ఏమంటున్నారమ్మా?"

"అది... చూడలేదత్తయ్యా."

"ఎవరెవరు చదివారో వెతుకుతావు గానీ, నువ్వు మాత్రం చదవవన్నమాట!"

కోడలు ముద్ద కంచంలో వదిలేసింది. ఫోన్ తెరిచి చూస్తే, వ్యాసం ఎవరికీ అక్కర్లేదు. అందులోని ఫొటోలో ఒక చెమ్మ మరక అచ్చం బొజ్జమీద చేతులు పెట్టుకుని కునుకు తీస్తున్న పెద్దమనిషిలా ఉంది. "మా ఆఫీసరు గోడెక్కాడు" అని ఒకడు రాస్తే, జనం పడీపడీ నవ్వుతున్నారు. "మీ మామగారేనే!" అని అత్తగారు కూడా నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

కోడలికి నవ్వు రాలేదు. ఆ అంకె సంఘానికి చూపిస్తే మోసం. చూపించకపోతే టీచరమ్మ నోటికాడి కూడు తీసేసినట్టే. ఆ నవ్వులన్నీ ఓపిగ్గా చదువుతూ పోతే, అడుగున ఎక్కడో ఒక మేస్త్రీ మాట దొరికింది: "నవ్వితే నవ్వారు గానీ, ఇందులో చెప్పినట్టే చేశా. మా వీధి బడి గోడ ఆరింది."

మర్నాడు మేస్త్రీని అడిగి కనుక్కుని ఆ బడికి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. అక్కణ్ణించి నేరుగా టీచరమ్మ దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది.

"మరి నన్నెందుకు ఆశపెట్టారండీ?" అంది టీచరమ్మ.

వాకబు మేడం సిగ్గుతో చచ్చిపోయింది.

సంఘం అధ్యక్షుడి గదిలో కూర్చుంది. "వేలల్లో ఉందటగా?" అన్నారు అధ్యక్షుడు.

"అది నవ్వుల లెక్కండీ. పనికొచ్చిన లెక్క ఒక్కటే. ఈ వ్యాసం చూసి ఒక మేస్త్రీ పనిచేస్తే ఒక బడి గోడ ఆరింది. నేను తాకి చూశాను."

"ఒక్క గోడకు పదోన్నతా?" అన్నాడొక సభ్యుడు.

అధ్యక్షుడి వెనక గోడ చెమ్మెక్కి ఎప్పటినుంచో పెచ్చులూడుతోంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటూ వచ్చి, ఇప్పుడు బల్లకూ కుర్చీకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు.

"ఆ మేస్త్రీ నంబరుందా?" అన్నారు మెల్లగా.

టీచరమ్మకు పదోన్నతి వచ్చింది. వానలు వెలిశాక వాకబు మేడం ఏదో సంతకం వంకతో అధ్యక్షుడి గదికి వెళ్లింది. ఆయన బీరువా వైపు తిరగగానే గోడకు అరచెయ్యి ఆనించింది.

"పొడిగానే ఉంది లెండి," అన్నారాయన, వెనక్కి తిరగకుండానే. "రెండో గోడ. రాసుకోండి."