మైనస్ కౌంటు

భీమవరం అవతల రొయ్యల చెరువుల గట్ల మీద పంచె ఎగ్గట్టి తిరిగే నరసరాజు గారికి లోకమంతా కౌంటే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట. ఈ పంటలో కౌంటు ఎనభై దగ్గరే ఆగిపోయి, దిగనంటోంది. ఆయనకి అన్నం సయించడం లేదు. ఆ సాయంత్రం కుడిచేత్తో మేత పళ్లెం పైకి లాగి, ఎడంచేత్తో మీసం దువ్వుకుంటూ, అందులో ఎగురుతున్న రొయ్యల్ని దిగులుగా చూస్తున్నారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే కోడలు శ్రీసత్య టీ ఫ్లాస్కుతో వచ్చి, అప్పుడే కనిపించిన చుక్కని చూపించింది.

“అది సిరియస్ అండి, మావయ్యగారూ. నక్షత్రాల వెలుగుకి మాగ్నిట్యూడ్ అని ఓ అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ. మా పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కదండి.”

“ఎక్కకపోడమేంటమ్మా, మన కౌంటేగా! దీనిదెంత?”

“సున్నాకన్నా కిందేనండి. మైనస్ ఒకటిన్నర.”

మీసం మీద చెయ్యి ఆగిపోయింది. “మైనస్సే! మరి సూర్యుడిదో?”

“దాదాపు మైనస్ ఇరవయ్యేడండి.”

ఆయన సూర్యుడు దిగిపోయిన పడమటికేసి నోరు తెరుచుకుని చూశారు. “అంత సరుకు పెరిగిన చెరువు ఎంతుండాలమ్మా!”

చేతిలో పళ్లెం ఒరిగిపోయింది. రొయ్యలన్నీ ఒక్కొక్కటే నీళ్లలోకి దూకేశాయి. ఆయన చూసుకోనే లేదు.