చెవి తిరుపతి తీర్పు

సిరిసిల్లలో తిరుపతులకు కరువు లేదు. గుర్తు కోసం ఒకరిని కిరాణం తిరుపతి అంటారు, ఇంకొకరిని పొడుగు తిరుపతి అంటారు. మన తిరుపతి మాత్రం చెవి తిరుపతి. ఆ పేరు ఊరికే రాలేదు. సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాలన్నీ కలిసి చెవులు చిల్లులు పడేలా మోగే రేకుల షెడ్డులో, ఏ మూల ఏ సాంచె నడక తప్పినా ఈయన చాయ్ గ్లాసు కింద పెట్టి నేరుగా దాని దగ్గరికే వెళ్లేవాడు. వయసంతా ఆ మోతలోనే గడిచింది. చివరికి సాంచెలు పాత ఇనుము కింద పోయాయి, పేరు మాత్రం మిగిలింది. పని లేని మనిషికి బిరుదు ఉంటే దాన్ని కాపాడుకోవడమే పెద్ద కొలువు.

జగిత్యాలలో ఒక పాత సినిమా హాలును ఫంక్షన్ హాలుగా మారుస్తూ తెర వెనక ఉన్న స్పీకర్ పెట్టెలను బయట పడేశారు. తిరుపతీ, ఆయనలాగే కార్ఖానాలు వదిలేసిన పాత మిత్రులూ ట్రాలీ ఆటో మాట్లాడుకుని వాటిని మోసుకొచ్చారు. వాటిని బాగుచేసి నేత కార్మికుల సంఘం భవనంలో పెట్టాలనీ, ఆదివారం ఆదివారం సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మూడు ఊళ్ల పాత పాటల అభిమానులను పిలిచి వినిపించాలనీ వాళ్ల సంకల్పం. పెట్టె బాగానే ఉంది, గుమ్మని మోగే కింది స్పీకరూ బాగానే ఉంది. పైన సన్నని స్వరాలు పలికే భాగమే పాడైంది. అందులో బాకా ఒకటి, దాని వెనక బిగించే యూనిట్ ఒకటి. ఈ యూనిట్‌నే తెలిసినవాళ్లు కంప్రెషన్ డ్రైవర్ అంటారు. మిత్రులు నెల రోజుల పాటు ఫోన్లలో వీడియోలు చూసి తెలిసినవాళ్లయిపోయారు. "గాలి ఆడుతోంది", "స్వరం నిలబడుతోంది" అని ఒకరితో ఒకరు అనుకోవడం కూడా నేర్చారు. ఏ బాకా, ఏ యూనిట్ అన్న తీర్పు మాత్రం తిరుపతికే వదిలారు. కుదిరితే చెవి తిరుపతి పేరు జగిత్యాల, కోరుట్లల్లో కూడా మోగుతుంది. బెడిసికొడితే ఆయన మళ్లీ ఉత్త తిరుపతి. ఆ భయంతో ఆయనకు అన్నం సహించలేదు.

కోరుట్లలో మైక్ సెట్టు నడిపే రాజలింగం రెండు బాకాలూ మూడు యూనిట్లూ తెచ్చి తిరుపతి ఇంట్లో దించాడు. మిత్రులు చాప మీద వరుసగా కూర్చున్నారు. తిరుపతి భార్య నీల గోడవారగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

తిరుపతి బాకాలను కుండ కొనేవాడిలా వేలితో కొట్టి చూశాడు. కట్టెది నిద్రపోతోందన్నాడు, అల్యూమినియంది మేలుకుందన్నాడు. తరువాత యూనిట్ల వంతు. మొదటిది హాళ్ల కాలం నాటిది, బరువైనది. అందులోంచి ఒక గాయని గొంతు ఎంత కమ్మగా వచ్చిందంటే, నీల చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. తిరుపతి మొహం చిట్లించి, దుప్పటి కప్పుకుని పాడినట్టుందని కొట్టిపారేశాడు. రెండోది అటూ ఇటూ కానిదన్నాడు. మూడోది డీజే పెట్టెలకు వాడే పలుచని రేకు పొరది. అది నోరు తెరవగానే పిల్లి గోడ దూకి పారిపోయింది, పక్కింటి కిటికీ మూసుకుంది. తిరుపతి కళ్లు చెమర్చాయి.

"గిదీ పాటంటే," అన్నాడు. "ఇన్నేండ్లకు మాట మాట సాఫ్‌గ ఇనవడ్డది."

మిత్రులంతా అవునన్నారు. వాళ్లు మొహమాటానికి అన్నారనుకుంటే పాపం తగులుతుంది. అందరూ అదే మోతలో తలలు నెరిసినవాళ్లు, అందరికీ అదే నిజంగా తీయగా ఉంది. రాజలింగం ఒక్కడే, అన్నా, గొంతు కోస్తున్నట్టుందే అని గొణిగాడు. మైక్ సెట్టు వాడికి సంగీతం సంగతి ఏం తెలుసని అందరూ కలిసి అతని నోరు మూయించారు. నీల లేచి తిరుపతి వెనకగా వెళ్తూ ఏదో అని, చెవుల్లో దూది పెట్టుకుని మళ్లీ చాట ముందు కూర్చుంది.

ప్రారంభం నాడు జగిత్యాల నుంచీ కోరుట్ల నుంచీ జనం బాగానే వచ్చారు. మొదటి చరణం అయ్యేసరికి సగం మందికి అర్జెంటు ఫోన్లు వచ్చాయి. రెండో పాటకు మిగతావాళ్లకు బస్సు వేళ గుర్తొచ్చింది. సిరిసిల్ల మిత్రులు మాత్రం కళ్లు మూసుకుని తలలూపుతూ ఉండిపోయారు. కళ్లు తెరిచి ఖాళీ కుర్చీలు చూసి, మామిడితోటల నీడన పెరిగిన చెవులకు సన్న పని ఎట్లా తెలుస్తుందని జగిత్యాల వాళ్లను జాలిపడి క్షమించేశారు.

తిరుపతి ఒక్కడికి మనసు కుదుటపడలేదు. లేచి పోయినవాళ్లలో ఆయన బిడ్డ వనిత కూడా ఉంది. కోరుట్లలో ఇచ్చారు, ఈ వేడుక కోసమే వచ్చింది. ఇంటికి రాగానే, పదిమందిలో పరువు తీస్తవా అని ఆమెను నిలదీశాడు.

"చెవులు పోటు వెడుతున్నయ్ బాపూ," అంది వనిత. "గది వద్దని అవ్వ నీకు ఆనాడే చెప్పిందట గదా."

"నాకెవ్వలు చెప్పలే."

పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్న నీల ఏదో అంది. వనిత ఫక్కున నవ్వింది. నీల మాట్లాడిందని తిరుపతికి తెలిసింది బిడ్డ నవ్వును చూసే. ఏమన్నదని అడగబోయి ఆగిపోయాడు.

కార్ఖానాలో ఎవరి గొంతూ ఎవరికీ అందదు. పెదవుల కదలికే మాట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఎదురుగా ఉండి మాట్లాడితే ఆయనకు అన్నీ తెలిసేవి, అందుకే తన చెవి మీద ఏనాడూ అనుమానం రాలేదు. సాంచెల మోత లావుది, అది ఇప్పటికీ తెలిసేది. పోయింది సన్నని స్వరాలు. నీలది సన్నని గొంతు. మా ఇంటిది మాట్లాడితే ముత్యాలు రాలుతాయని, అసలు మాటే తక్కువని, పెళ్లిళ్లలో, సంఘం మీటింగుల్లో ఆమెను ఎన్నిసార్లు మెచ్చుకున్నాడో. ఆయనకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మరుసటి ఆదివారం మిత్రులను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. మనవి మోతకు చెడిన చెవులు, తీర్పు చెప్పే హక్కు మనకు లేదు, నీల మెచ్చిన మొదటి యూనిట్ బిగిద్దాం అన్నాడు. మిత్రులు చాలాసేపు ఆయన పెదవుల వైపే శ్రద్ధగా చూశారు. తరువాత చేతులెత్తి ఓట్లు వేసుకుని, పాపం తిరుపతి చెవి పోయిందని తేల్చారు. మూడో యూనిట్‌ను కదిలించవద్దని తీర్మానించారు. ఇకమీదట తీర్పు చెప్పే పని తమలో ఒకడైన ముత్యానికి అప్పగించారు. ముత్యం తిరుపతి కంటే ఎక్కువ కాలం సాంచెల మధ్య నిలబడ్డవాడు, ఆ అర్హత ఎవరూ కాదనలేనిది.

తిరుపతి ఉత్త తిరుపతిగా ఇంటికి వచ్చాడు. నీల బీడీలు చుడుతోంది. పీట తెచ్చుకుని ఆమెకు ఎదురుగా, మొహం బాగా కనబడేట్టు కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు నా ఎన్కనుంచి అన్నయన్నీ గిప్పుడు చెప్పు," అన్నాడు.

"ఎక్కడ్నుంచి చెప్పాలె?"

"మొదటికెళ్లి."

నీల చాట పక్కకు జరిపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే సల్లగ కూసో," అంది. "మొదలు అన్నీ తిట్లే ఉన్నయ్. మంచి మాటలు సుత ఉన్నయ్ గని, గవి జెర ఎనుక అస్తయ్."