లోపలి టైరు

మా లారీకి పది టైర్లు. ముందు రెండు, వెనక ఎనిమిది. వెనకవి జోడుజోడుగా ఉంటాయి. బయటి టైరు అందరికీ కనిపిస్తుంది, లోపలిది ఎవరికీ కనిపించదు. లోపలి దాంట్లో గాలి పోయినా బయటిది బరువంతా తానే మోస్తూ ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు బండి సాఫుగానే ఉంటుంది. అందుకే పొద్దున బండి తీసే ముందు డ్రైవరు ఇనుప రాడ్డు పట్టుకుని చుట్టూ తిరుగుతాడు. వంగి ఒక్కో టైరునూ కొడతాడు. గాలి నిండుగా ఉంటే ఠంగుమంటుంది, దిగితే దబ్బుమంటుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. చెవులుంటే చాలు.

నాకు ఆ చెవులే పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. ముప్పై ఏళ్లకు పైగా తాండూరు నుంచి బండలు మోశాను. పుణె, సూరత్, నాగపూర్, మద్రాసు, ఎక్కడ ఇల్లు కడితే అక్కడికి. డ్రైవరు సీటు కుడి పక్కన ఉంటుంది. ఆ కిటికీ అద్దం ఎత్తుకుని నడిపే అలవాటు మా తరానికి లేదు. గాలి, ఎదురొచ్చే బండ్ల హారన్లు, మన ఇంజను మోత, అన్నీ కుడి చెవిలోకే. అరవై దాటేసరికి అది మూతపడింది. ఎడమ చెవి కూడా దాని వెనకాలే బయల్దేరింది.

ఇంట్లో కనిపెట్టింది నా భార్య. టీవీ మోత పెంచుతున్నానని ఒక రోజు, కుక్కరు పక్కనే కూర్చుని ఎన్ని ఈలలొచ్చాయో చెప్పలేకపోయానని ఒక రోజు, తగాదా.

“చెవిటోని ముందర శంఖం ఊదినట్టయింది నా బతుకు. దవాఖానకు పోయి సూపిచ్చుకోరాదయ్యా” అనేది.

“నా చెవులకేమైంది? నీ గొంతే తగ్గింది” అనేవాణ్ణి.

ఆమె గొంతు తగ్గడమేమిటి! గల్లీ చివర పోయే కూరగాయల బండివాణ్ణి వంటింట్లోంచి ఒక్క కేకేసి ఆపే మనిషి. అది నాకూ తెలుసు. కానీ నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అందులోనూ ఎదుటివాళ్లది నిజమైనప్పుడు మరీ ఎక్కువగా వస్తుంది.

దాచడానికి కారణం ఒకటే. చెవులు వినపడవని తెలిస్తే ఓనరు స్టీరింగు ఇవ్వడు. ఇవ్వకూడదు కూడా. నేనే ఓనరునైతే ఇవ్వను. స్టీరింగు లేకపోతే ఇక నేను చేసేదేముంది? అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బండ్లు చూడటం. నాతో పాటు నేర్చుకున్న వాళ్లు కొందరు అలా కూర్చున్నారు. వాళ్ల ముందు నుంచి బండి పోనిచ్చేటప్పుడు నేను హారను కొట్టేవాణ్ణి కాదు, తల తిప్పి చూసేవాణ్ణీ కాదు. ఆ వరసలో కూర్చోవాలంటే నాకు భయం. చావంటే కూడా అంత భయం లేదు.

అందుకని ఒక ఉపాయం పట్టాను. రాడ్డు టైరుకు తగిలి వెనక్కి ఎగిరే తీరు చేతికి తెలుస్తుంది. నిండు టైరు రాడ్డును తన్నేస్తుంది, దిగిన టైరు మింగేస్తుంది. రెండేళ్లు అలా అరచేత్తోనే విన్నాను. ఒక్క పొద్దు కూడా తప్పు పోలేదు. ఇక తొవ్వలో ఆగినచోటల్లా టైర్ల మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుంటాం కాబట్టి అక్కడ చెవులతో పనే లేదు. చల్లని బండిని పొద్దున కొట్టడం ఒక్కటే గండం. అదీ దాటుతున్నాను కదా అని లోపల్లోపల గర్వం కూడా ఉండేది. చెవులున్నవాళ్ల కంటే నేనే నయం అనుకునేవాణ్ణి.

మా బండ్లు ఆగేది బండల ఫ్యాక్టరీ పక్కనున్న ఖాళీ జాగాలో. అక్కడే రేకుల షెడ్డులో ఒక పంక్చర్ షాపు. దాన్ని నడిపే అతను నాకంటే పదేళ్లు చిన్న. అందరు డ్రైవర్ల లాగే నన్ను ఉస్తాద్ అని పిలుస్తాడు. పొద్దున లేస్తూనే స్టవ్ మీద చాయ్ పెట్టి నాకూ ఒక గ్లాసు పోస్తాడు. మనిషి నెమ్మది. పని మాత్రం చురుకు.

ఆ సారి సీతాఫలాల కాలం. లారీ వెనక ఎడమ వైపు లోపలి టైరు అరిగిపోతే సాయంత్రం అతనే విప్పి వేరేది ఎక్కించాడు. మర్నాడు పొద్దున లోడు హైదరాబాద్ మీదుగా నాగపూర్ పోయేది. బండలు నిలువుగా పేర్చి తాళ్లు బిగించి ఉన్నాయి. నేను వెళ్లేసరికి షెడ్డు మూసి ఉంది. చాయ్ దొరకలేదని విసుక్కున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు. రాడ్డు తీసి పది టైర్లూ కొట్టాను. నాలుగు రోజులుగా అరచెయ్యి వాచి ఉంటే రాడ్డు పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాను. అన్నీ బాగానే ఉన్నట్టు తోచింది. బండి తీశాను.

వికారాబాద్ ఇంకా రాకముందే అనంతగిరి ఘాటు ఎక్కాలి. బరువు బండి, చిన్న గేరు, నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ వేగం. అద్దంలో చూస్తే వెనక ఆర్టీసీ బస్సు లైట్లు కొడుతోంది. సైడు అడుగుతున్నాడనుకుని చెయ్యి ఊపి సైడు ఇచ్చాను. బస్సు పక్కకొచ్చింది. డ్రైవరు నా వైపు చూసి నోరంతా తెరిచి ఏదో అరుస్తూ వెనక్కి వేలు చూపిస్తున్నాడు. తిడుతున్నాడనుకున్నాను. నాకు మండిపోయి నేనూ నాలుగు తిట్లు తిట్టాను. ఆ పెద్దమనిషి నా టైరులోంచి పొగ వస్తోందని చెబుతున్నాడు పాపం.

తర్వాత బయటి టైరు పేలింది. అది మాత్రం నాకు వినిపించింది.

బండి ఎడమకు వాలింది. బ్రేకు మీద నిలబడి ఆపాను. పడిపోలేదు, కానీ తాళ్లు తెగి ఎడమ వైపు బండలు జారి రోడ్డు పక్కన కుప్పపడ్డాయి. దిగి అటు పరిగెత్తాను. అక్కడ ఒక సీతాఫలాల బుట్ట ఉంది. ఉంది అంటే, బండ కింద ఉంది. పళ్లన్నీ నుజ్జునుజ్జయి తెల్లగా కారుతున్నాయి.  బండ ఎత్తి చూడాలో వద్దో తెలియక నిలబడ్డాను.

ఆ పళ్లు అమ్ముకునే ఆమె పది బారల దూరంలో చెట్టు పక్కన నిలబడి ఉంది. దగ్గరికొచ్చి, నా మొహంలో మొహం పెట్టి గట్టిగా అరిచింది. అందుకే వినిపించింది.

“టైరు కుయ్యోమని మొత్తుకుంటాంటె ఇని లేచి ఉరికిన! నడిపేటోనివి, నీకు ఇనరాలేదా అయ్యా?”

నేను ఆమె కాళ్లు రెండూ నేల మీద ఉన్నాయా లేదా అని అదే చూస్తున్నాను.

మధ్యాహ్నానికి ఓనరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. వాళ్ల నాన్న దగ్గర కూడా నేనే నడిపాను, అందుకని నన్ను కాకా అంటాడు. బండి చుట్టూ తిరిగి చూసి నా దగ్గరికొచ్చాడు.

“కాకా, పొద్దుగాల టైర్లు కొట్టినవా?”

“కొట్టిన పటేలా.”

“లోపలిది?”

“పదీ కొట్టిన.”

అబద్ధం కాదు. కొట్టాను. వినిపించిందా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

“నువ్వు కొట్టినంక ఇగ ఫికర్ లేదు. తప్పు గా పంక్చరోనిదే. నిన్న ఎక్కిచ్చేటప్పుడు ట్యూబు నొక్కుకపోయి ఉంటది. చూడకుంట గాలి కొట్టి పంపిండు. పానాలు పోతుండె” అన్నాడు.

నేను బండలవైపు చూస్తూ నిలబడ్డాను.

ఓనరుకు నాలుగు లారీలు. నాలుగూ ఆ షాపుకు పోవడం మానేశాయి. ఫ్యాక్టరీల దగ్గర మాట గాలి కంటే ముందు పోతుంది, మిగతా ఓనర్లూ మానేశారు. విప్పి చూస్తే ఆ టైరులో ఫ్యాక్టరీలో బండలు సర్దే చెక్క పెట్టెల మేకు ఉందని, తన బిగింపులో తప్పేమీ లేదని అతను ఒకరిద్దరికి చెప్పుకున్నాడట. తప్పు చేసినవాడు అలాగే చెబుతాడన్నారు. వారం తిరిగేసరికి షెడ్డు ముందు ఒక్క బండీ లేదు. నేను మాత్రం రోజూ అటు వైపు నుంచే పోయేవాణ్ణి. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ, వేరే దిక్కు చూస్తూ. తప్పంతా ఆ సైకిల్ ట్యూబుదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది చుట్టకపోతే చేతికి తెలిసేదే, ఇక ముందు చుట్టను, అంతే, ఇందులో చెవుల సంగతి ఎందుకు?

నా భార్యకు ఒక రోజు అన్నం తింటూ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, కడుపులో ఆగలేదు. ఆమె కంచం పక్కకు పెట్టేసింది.

“చెవులే పోయినయనుకున్న. నోరు గూడ పోయిందా నీకు? గాయన పొయ్యిల నీళ్లు పోసి నువ్వు బువ్వ ఎట్ల తింటున్నవయ్యా?”

నేను అరిచాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. చివరికి నేను చెయ్యి కడుక్కుని షెడ్డుకు బయల్దేరాను.

అతను నేల మీద కూర్చుని ఒక పాత ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. ఎవరి బండిదో కాదు, ఊరికే చేతులు ఆడించుకుంటున్నట్టుంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

“తప్పు నీది కాదు. నాదే. నాకు చెవులు ఇనవడయి. టైరు కొట్టిన గని, దబ్బుమన్నది నాకు ఇనవడలే.”

అతను తలెత్తాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. లేచి నా ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ఎడమ పక్కకే వచ్చి మాట్లాడతాడని నాకు అప్పుడు తట్టింది.

“నాకెర్కనే ఉస్తాద్” అన్నాడు గట్టిగా. “రెండేండ్ల సంది ఎర్క. ఎనక నుంచి పిలిస్తె ఒక్కనాడన్న పలికినవా నువ్వు?”

“ఎర్కుండి ఊకున్నవా?”

“ఊకెట్లుంట? పొద్దుగాల నువ్వు రాకముందే నీ టైర్లు నేను ఒకసారి కొట్టి చూస్తుంటి. దిగిన కాడ గాలి నింపుతుంటి. ఐదారు సార్లు నింపిన.”

రెండేళ్లు నా అరచేయి గొప్పతనమనుకున్నది ఇదన్నమాట. నేను వంగి కొట్టిన ప్రతి టైరూ అప్పటికే ఒకరు కొట్టి, సరిచేసి పెట్టింది. ఒక్క దిగిన టైరు కూడా నా చేతి దాకా రానేలేదు. సైకిల్ ట్యూబు తీసేసినా ఆ చేతికి తెలిసేది ఏమీ లేదు.

అప్పుడు నేను అతని చేతులు పట్టుకోవాల్సింది. నేనేమన్నానో చెబుతాను.

“మరి గా పొద్దు ఎందుకు కొట్టలే?” అన్నాను.

దబాయించి అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

అతనికి కోపం రాలేదు. “నేను పరిగిల ఉంటిని ఉస్తాద్. బిడ్డను కాన్పుకు దవాఖానల వేసిన్రని ఫోనొస్తె పొద్దుగూకంగ బస్సెక్కిన. నీకు చెప్పే పోయిన గద. రేపు నేనుండ, లోపలి టైరు ఇప్పుడే ఎక్కిచ్చిన, ఎవలితోనన్న ఒకసారి కొట్టిచ్చుకో అని. నువ్వు తల ఊపినవు.”

ఊపి ఉంటాను. గాలి మిషను మోతలో అతని పెదవులు కదలడం చూసి, తల ఊపి పోయి ఉంటాను. వినిపించని చోటల్లా రెండేళ్లుగా నేను చేసింది అదే. ఓనరు దగ్గర, హమాలీల దగ్గర, చెక్‌పోస్టుల దగ్గర.

“పటేల్‌కు ఎందుకు చెప్పలే నువ్వు?” అన్నాను.

“చెప్తె నిన్ను దింపుతడు గద.”

అతని బిడ్డ ఎలా ఉందని అప్పుడు అడిగాను. మంచిగున్నది, మనుమరాలు పుట్టింది అన్నాడు. అప్పటికి పది రోజులైంది పుట్టి.

అక్కణ్ణుంచి నేరుగా ఫ్యాక్టరీకి పోయాను. కోత మిషన్లు నడుస్తున్నాయి. ఓనరు కోత షెడ్డు పక్క గదిలో కూర్చుని ఉన్నాడు. బండి తాళం చెవి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. తప్పు నాదని, నాకు చెవులు వినిపించక రెండేళ్లయిందని, రేపటి నుంచి బండ్లన్నీ ఆ షాపుకే పంపమని, మిగతా ఓనర్లకు కూడా ఆయన నోటితోనే చెప్పమని చెప్పాను. ఒక్క గుక్కలో చెప్పాను, ఆగితే చెప్పలేనని.

ఆయన తాళం చెవిని ఒకసారి ఇటు తిప్పి అటు తిప్పి, ఏదో మాట్లాడాడు. చిన్న మాట కాదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. తిడుతున్నాడో, పోనీలే అంటున్నాడో, ఉండమంటున్నాడో, పొమ్మంటున్నాడో మొహం చూస్తే తెలియలేదు. ఆయన ఆగాడు. నా జవాబు కోసం చూస్తున్నాడు.

నా తల అప్పటికే ఊగడం మొదలైంది. ఆపుకున్నాను.

“జర గట్టిగ చెప్పుర్రి పటేలా” అన్నాను. “నాకు ఇనవడదు.”