అమ్మ చేరిన మూడో అధ్యాయం

నేను పాఠాలు చెప్పే కాలేజీలో, నా గదిలో ప్రింటర్ నుంచి కాగితం వెచ్చగా బయటికి వస్తుంటే, ఆ వాసనకు కాసేపు నేను ఇక్కడ ఉండను. ఆదోనిలో శారద మేడం ఇంటి ముందుగది, సగం మూసిన కిటికీ, జిన్నింగు మిల్లు వైపు నుంచి కొట్టుకొచ్చిన దూది పింజలు ఎండలో నిదానంగా తేలడం కళ్ళ ముందుకు వస్తాయి. మేడం నా పరిశోధనకు గైడు. పత్తి వ్యాపారుల ఇంట పుట్టినామె కదా, కాగితాన్ని కూడా దూదిని చూసినట్టే రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవారు. నేను ఎమ్మిగనూరు నేతగాళ్ళ పిల్లను. రాసింది మా చేనేత గురించే.

మా ఇళ్ళల్లో మగ్గం మీద కూర్చున్నవాళ్ళనే నేతగాళ్ళంటారు. మగ్గం నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టిచ్చే ఆడవాళ్ళ పని ఇంటిపనిలో కలిసిపోతుంది. ఎన్నిసార్లు అడిగినా అమ్మ, నాదేముంది, మీ నాయన్ని అడుగు అని తప్పించుకునేది. థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, రాట్నం తిప్పుతూ తనంతట తానే అన్నది:

“మగ్గం నిల్సిపోతే అందరూ మీ నాయన పక్కే సూస్తారు. కండె లేక నిల్సిందని ఎవురికీ తెల్దు.”

ఆ తర్వాత అమ్మ చెబుతూనే ఉంది, నేను రాసుకుంటూనే ఉన్నాను. కానీ దాన్ని మూడో అధ్యాయంలో చేర్చడానికి ధైర్యం చాల్లేదు. పేజీ నంబర్లన్నీ ప్రతి పేజీ అడుగునా నేనే టైపు చేసి పెట్టుకున్నాను మరి. నడుమ ఒక్క పేరా దూరిస్తే చాలు, అంకెలన్నీ జారి పేజీల మధ్యకు వచ్చి కూర్చుంటాయి. నంబర్లు సరిగా లేవని ఆఫీసువాళ్ళు అప్పటికే ఒకసారి తిప్పి పంపారు. మళ్ళీ వెనక్కి వస్తే గడువు దాటిపోతుంది, ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే.

ఆ మాటే మేడంతో అన్నాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కోపం లేకుండానే అన్నారు:

“నంబర్లకు భయపడి మీ అమ్మను బయట నిలబెడతావా? ముందు ఆమెను లోపలికి రానీ.”

కుర్చీ లాక్కుని ముందుగదిలోని కంప్యూటర్ దగ్గర నా పక్కన కూర్చున్నారు. నేను పెట్టిన అంకెలన్నీ చెరిపించి, కంప్యూటరే లెక్కపెట్టుకునేలా నంబర్లు పెట్టించారు. ముందుమాట పేజీలకు రోమన్ అంకెలుండాలి, మొదటి అధ్యాయం నుంచి ఒకటి మొదలుకావాలి. రెండు భాగాలనూ విడదీసే సెక్షన్ బ్రేక్ మధ్యలో పెట్టాం కానీ, ముందు భాగంతో ఉన్న లింకు తీసేయడం మరిచిపోయాం. పుస్తకమంతా రోమన్ అంకెలైపోయింది. మేడంకు నవ్వాగలేదు. లింకు తీసేసి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాం. అప్పుడు అమ్మ మాటలు చేర్చాను. పేజీలు ఒకదాని వెనక ఒకటి జరిగి చోటిచ్చాయి, అంకెలు వాటికవే మారిపోయాయి. కలలోలాగా చూస్తూ ఉండిపోయాను.

థీసిస్ గడువులోపే ఇచ్చేసి, ఒక ప్రతి ఇంటికి తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించాను. కండె అడగడానికి మగ్గం మీద నుంచి లేచి వచ్చిన నాయన, గడప దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు. ఆ పూట కండెలు తానే చుట్టుకున్నాడు.

ఈ సంగతి ఫోన్ చేసి చెబితే మేడం, “అది కూడా రాయమ్మా,” అన్నారు. ఇచ్చేశాం కదా మేడం అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

మేడం పోయి ఏళ్ళయింది. ఆమె లేని వెలితి నాకు ఇప్పటికీ తీరలేదు. మా విద్యార్థులెవరైనా పని పూర్తయిందంటే, ఇంకా ఏదో మిగిలే ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. నాయన కండెలు చుట్టుకున్న ఆ పూట గురించి మాత్రం ఇన్నేళ్ళూ నేనే రాయలేదు. ఇవాళ రాశాను.