కొసరుగ ఇచ్చిన లెన్స్

1949, దసరా పోయినంక. పోలీసు చర్య అయి ఏడాది దాటింది గాని పల్లెల్లో మిలిటరీ క్యాంపులు ఇంకా లేవలేదు. ఇబ్రహీంపట్నం బజారుల మా నాయినది కిరాణ దుకాణం. అందుల ఎండుమిరపకాయల బస్తాల పక్కన ఒక అల్మార నాది. పట్నంల ఒక పెద్దింటోళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతూ సామాను అమ్ముకుంటుంటే, పొద్దంత బేరమాడి ఒక జర్మనీ కెమెరా, మూడు లెన్సులు తెచ్చుకున్న. ఫొటోలు తీసుడు, కెమెరా కిరాయికిచ్చుడు, గిరాకి దొరికితే అమ్ముడు నా పని. లెన్స్ చూద్దామని వచ్చినోడు ముందుగాల రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు నోరు తెరిచెటోడు.

లెన్స్ అంటే కెమెరాకు కన్ను. ఒకటి విప్పి ఇంకొకటి బిగించుకోవచ్చు. ప్రతి దాని మీద ఫోకల్ లెంత్ అని ఒక అంకె ఉంటది. ముప్పై అయిదు అని ఉన్నది వైడ్. దుకాణం మెట్టు మీద నిలబడితే బజారంత కనబడ్డట్టు చూస్తది. యాబైది నార్మల్, మనిషి కన్ను తీరు. నూట ముప్పై అయిదుది టెలి. తలుపు సందుల నుంచి ఎదురింటాయన మీసం వెంట్రుకలు లెక్కబెట్టినట్టు చూస్తది. ఇంత తెలిసినా, ధర కట్టేటప్పుడు నేను మా నాయిన కొడుకునే అయిన. మాది తూకం మీద బతికే ఇల్లు. పప్పయినా ఇత్తడయినా బరువును బట్టే విలువ. అట్లనే పెద్ద గొట్టం లెక్కున్న టెలిని అన్నిటికంటే మీద పెట్టిన. నార్మల్‌ను హయత్‌నగర్ ఆసామి ఒకాయన అంతకుముందే కొనుక్కపోయిండు. మిగిలిన వైడ్, వక్కల డబ్బీ మూతంత ఉంటది, దాన్ని ఎవరూ అడగలేదు. చూసినోళ్లంత, ఇందుల మనుషులు చీమలైతున్నరు అని పక్కన పెట్టేటోళ్లు.

ఆ దినాలల్లనే దేవదానం పంతులు వచ్చిండు. రావిర్యాల దిక్కు ఒక పల్లెల మిషన్ బడి పంతులు. ఆయన తమ్ముడు సామ్యేలును, ఎర్రజెండ సంఘంల తిరిగిండని చెప్పి, పోయిన ఎండకాలానికి ముందే పట్టుకపోయి పట్నంల జైల్ల పెట్టిండ్రు. అప్పుడు సామ్యేలు భార్య సుగుణమ్మ కడుపుతోని ఉన్నది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఇంకా ఆ పిల్ల మొకం చూడలేదు. ఇప్పుడు ములాఖత్‌కు హుకుం దొరికింది, గాని ఒక్కరికే. వచ్చే బుధవారం దేవదానం పోవాలె, చేతిల ఒక ఫొటో ఉండాలె.

"ఉత్తరాలు రాస్తె నమ్ముతలేడు సేటూ," అన్నడు. "అందరు మంచిగున్నరని రాస్తె, మంచిగుంటే గిన్నిసార్లెందుకు రాస్తున్నవ్ అని అడుగుతున్నడు."

ఆయనకు ఒక్క పిల్ల మొకంతోని సరిపోదు. కెమెరా తానే తీసుకపోయి చేను, మోట బాయి, తల్లి, పిల్ల, అన్నీ తిరిగి తీసుకొస్తనన్నడు. అన్నిటికీ పనికొచ్చే లెన్స్ ఒక్కటి చెప్పమన్నడు. ఆ మాట చెవుల పడంగనే నాలోని కోమటి లేచి కూర్చున్నడు. టెలిని ఆయన చేతిల పెట్టి, బరువు చూడమన్న. దూరం నుంచి తీయొచ్చు, పిల్ల నిన్ను చూసి ఏడ్వదు, మొకం ఇంత పెద్దగ వస్తదని ఊదరగొట్టిన. పంతులు నమ్మిండు. కిరాయి కుదిరినంక, మా దుకాణంల ఎవరినీ కొసరు లేకుండ పంపే ఆనవాయితి లేదు గనక, ఆ వక్కల డబ్బీ మూత లెన్స్‌ను గూడ సంచిల వేసిన. బెల్లం కొన్నోనికి పుట్నాలు వేసినట్టు.

తెల్లారి పొద్దుగూకక ముందే పంతులు తిరిగొచ్చిండు. టెలిని తక్కెడ పక్కన పెట్టి, "గీ గొట్టం నీకే ఉండనీ," అన్నడు.

జరిగింది ఆయనే చెప్పిండు. పిల్లను ఎత్తుకొని సుగుణమ్మ జొన్నచేను గట్టు మీద ఉన్నదట. నేను చెప్పినట్టే పంతులు దూరంగ చెరువు కట్ట మీద నిలబడి గొట్టం ఆమె దిక్కు తిప్పిండు. ఆ పల్లెల అంతకుముందు కట్ట మీద నిలబడి గొట్టం తిప్పినోళ్లు క్యాంపు ఆఫీసర్లు. వాళ్లు దుర్బీనుతోని చూసి పోతే, తెల్లారి తనిఖీ వచ్చేది, ఎవరో ఒకరిని పట్టుకపోయెటోళ్లు. సుగుణమ్మ మనిషిని చూడలేదు, గొట్టాన్నే చూసింది. పిల్లను కడుపుకు అదుముకొని జొన్నలల్ల పడి ఉరికింది. ఆమెను చూసి కోతకొచ్చినోళ్లంత ఉరికిండ్రు. పంతులు "నేనే, నేనే" అని ఒర్లుకుంట వెంటబడ్డడు. వెంటబడ్డకొద్ది వాళ్లు ఇంకా ఉరికిండ్రు. సొంత బావను చూసి మరదలు పారిపోయిందని ఊరంత నవ్విండ్రట. ఆమె మాత్రం పొద్దంత వణికిందట.

ములాఖత్‌కు ఇంక రెండు రోజులే ఉన్నయి. ఫిల్ము దొరకని దినాలు. నా దగ్గరున్నది కెమెరాల ఉన్న ఆ ఒక్క రీలే. మర్నాడు నేనే సైకిలు తీసిన. కొసరు లెన్స్‌ను బిగించి పంతులు వెంబడి పోయిన.

వైడ్‌తోని ఒక చిక్కున్నది. మనిషి జర పెద్దగ రావాలంటే దగ్గరికి పోవాలె. దగ్గరంటే వాకిట్లకు. వాకిట్ల అడుగుపెట్టంగనే పంతులు తల్లి, ముసలామె, నన్ను కిందికి మీదికి చూసి, "గొట్టం అమ్మిన సేటువు నువ్వేనా? కోడలును ఉరికిచ్చినవ్, ఇగ నన్నెంత దూరం ఉరికిస్తవ్?" అన్నది. నేను కెమెరాను ఆమె చేతిలనే పెట్టిన. కంటికి ఆనిచ్చుకొని చూసింది. కోడలును చూడమన్నది. సుగుణమ్మ చూసి, ఇందుల మనం గింతేనా అని అడిగింది. ఆమె నాతోని మాట్లాడిన మొదటి మాట అదే. తర్వాత సల్ల తాగిచ్చిండ్రు, తాగినంక ఫొటో.

ఎండ మంచిగున్నది. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, బాగ చిన్నగ చేసి, దూరం పన్నెండు అడుగులకు పెట్టిన. వైడ్‌కు అట్ల పెడితే ఒక బారెడు దూరం నుంచి ఆకాశం దాక అంత స్పష్టంగ వస్తది. ఇంక ముట్టే పని లేదు. నేను పిల్ల మొకం కోసం ముందుకు పోదామంటే ముసలామె ఒప్పలేదు. "నేను రావాలె, బర్రె రావాలె, బర్రెను మా సామ్యేలే సాదిండు," అన్నది. వాళ్లందరు ఫొటోల పట్టేటట్టు ఎనకకు ఎనకకు జరిగి కోళ్ల గంప మీద కూలబడ్డ. అప్పుడు ఇంట్ల అందరు నవ్విండ్రు. ఆ నవ్వుల తీసిందే నిలిచింది. మిగిలినయి పిల్ల కదిలి పాడైనయి.

రాత్రికి రాత్రే నేను కడిగి తీసిన ప్రింటు చూసి పంతులు మొకం చిన్నబోయింది. పిల్ల మొకం కందిగింజంత ఉన్నది. ఇల్లు, గోడ, బర్రె, పందిరి, నా కాలు తగిలి లేచిన కోడి, అన్నీ ఉన్నయి. పెద్దగ చేద్దామంటే నా దగ్గర పెద్ద కాగితం లేదు. ఇంత దూరం పోయి తండ్రికి కందిగింజ చూపియ్యాల్నా అన్నడు. తీసింది నేనే. అందుకే బుధవారం ఆయనతోని బస్సెక్కిన. నాయినకు మాత్రం పట్నంల సరుకు కొనాలె అని చెప్పిన.

లోపలికి పంతులును ఒక్కన్నే పోనిచ్చిండ్రు. నేను జైలు గోడ ముందట జామకాయలమ్మెటామెతోని బేరం పెట్టుకున్న. కొనే ఆలోచన లేదు. చేతులకు పని కావాలె. ఆమె దిగి దిగి ఇంక దిగలేనంటుంటే పంతులు బయటికొచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి. నా పక్కన కూర్చున్నడు.

"పిల్లను చూసిండా?" అని అడిగిన.

"ముందుగాల చూడలే," అన్నడు. "ఫొటో చేతికియ్యంగనే ఇంటి కప్పు మీద వేలు పెట్టిండు. 'అన్నా, ఇల్లున్నదా మనది?' అన్నడు. లోపల ఎవడో చెప్పిండట, మన దిక్కు ఇండ్లు కాలబెట్టిండ్రని. మంచిగున్నరని నేను రాసినకొద్ది, కాలిందని వానికి నమ్మకం కుదిరిందట. పెంకులు చూసిండు. గోడ చూసిండు. అమ్మ నవ్వేది చూసిండు. బర్రె చూడు మనదేనా అని నన్నే అడిగిండు. అన్నీ వేలుతోని తడిమినంక, 'ఇగ పిల్లను చూపియ్' అన్నడు."

నేను జామకాయలు కొన్న, ఆమె మొదలు చెప్పిన ధరకే. నా బతుకుల గట్ల కొన్నది అదొక్కసారే. ఆమె నన్ను అనుమానంగ చూసి, రెండు కాయలు కొసరు వేసింది.

ఆ తర్వాత నా అల్మార ఒక దుకాణమయింది. ఎన్నో లెన్సులు వచ్చినయి, పోయినయి. ఊర్లు తిరిగేటందుకు, అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటి చెప్పమని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తరు. ఫోకల్ లెంత్ సంగతి తర్వాత మాట్లాడుత. ఎంత దగ్గరికి పోనిస్తరు నిన్ను అని ముందు అడుగుత. తీసినంక ఎవరికి చూపిస్తవ్ అని అడుగుత. ఈ రెండింటికి జవాబు చెప్పినోనికి, ఎక్కువసార్లు, చిన్నదే సరిపోతది. జవాబు తెల్వనోనికి మాత్రం బరువున్నదే అమ్ముత. నేను గూడ బతకాలె గద.